పరాయి గడపలో మొదటి మాట

అమ్మలూ,

లింక్‌డిన్‌లో విదేశీ బయ్యర్లకి నువ్వు పంపుతున్న సందేశం చదివాను. ఇంగ్లీషులో వంక పెట్టడానికేమీ లేదు. మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టావు. పెడనలో మాది తరాల నాటి కలంకారీ పని, నాణ్యతలో రాజీ పడం, ధరలు అందుబాటులో ఉంటాయి అన్నావు. పదిహేను నిమిషాలు ఫోన్లో మాట్లాడతారా అని ముగించావు. నూటికి ఒక్కరు కూడా జవాబివ్వడం లేదని, మన సరుకంటే వాళ్ళకి లెక్కలేదని బాధపడుతున్నావు. సరుకు వాళ్ళ దాకా వెళ్తే కదమ్మా లెక్క ఉందో లేదో తెలిసేది! ఆ సందేశంలో నువ్వున్నావు, మీ మావగారున్నారు, పెడన ఉంది. చదివే మనిషి మాత్రం ఎక్కడా లేడు. మెల్‌బోర్న్‌లో ఉన్నావిడకీ, మిలాన్‌లో ఉన్నాయనకీ అదే పంపావు. పేరు ఒక్కటి మారింది.

ఈ పెదనాన్నకి లింక్‌డిన్ సంగతులేం తెలుసని అనుకుంటావేమో. మీటలు ఎక్కడ నొక్కాలో నీకే బాగా తెలుసు, ఒప్పుకుంటాను. మొహం తెలియని మనిషి దగ్గరికి వెళ్ళి, అతను అడగని వస్తువు గురించి మాట్లాడి, బయటికి పొమ్మనకుండా కూర్చోబెట్టుకునేలా చేసుకోవడం మాత్రం నా బతుకంతా చేసిన పని. ఆ పని మన బందరుకి కొత్తదేం కాదు. బందర్లో వైద్యం చేసుకునే పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. చచ్చిపోతే డబ్బొస్తుందని చెప్పి, బతికున్నవాడి చేత ఏటేటా డబ్బు కట్టించడం ఆ రోజుల్లో ఎంత కష్టమైన పనో ఆలోచించు. శుభమా అని ఇంటికొచ్చి చావు మాటలేమిటని చెంబెడు నీళ్ళు కూడా ఇవ్వని గడపలుండేవని మా పెద్ద ఏజెంట్లు చెప్పుకునేవాళ్ళు. 1956 సెప్టెంబరు 1న ఎల్ఐసీ ఏర్పడి దేశంలోని 245 బీమా సంస్థల్నీ ప్రావిడెంటు సొసైటీలనీ కలిపేసుకున్నప్పుడు మన బందరు కంపెనీ కూడా అందులోకే వెళ్ళింది. ఇప్పటికీ బందరులో ఎల్ఐసీ మచిలీపట్నం డివిజన్ ఉంది. నేను డెవలప్‌మెంటు ఆఫీసరుగా చేసింది అందులోనే. గుడివాడ నుంచి నాగాయలంక దాకా నా కింద ఏజెంట్లు ఉండేవాళ్ళు. వాళ్ళకి నేను నేర్పిన దాంట్లో నీకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు నేర్పింది, మొదటిసారి వెళ్ళేటప్పుడు ప్రపోజల్ ఫారం తీసుకెళ్ళొద్దని. సంచిలో ఫారం ఉంటే చెయ్యి ఊరుకోదు. అవతలి మనిషి కాస్త నవ్వగానే తీసి బల్ల మీద పెడతాం. అప్పటిదాకా చుట్టంలా చూసినవాడు ఆ క్షణం నుంచి మనల్ని వసూలుకొచ్చిన మనిషిలా చూస్తాడు. మొదటి రోజు మనం అడగాల్సింది ఒక్కటే, మళ్ళీ రావచ్చా అని. నువ్వేమో మొదటి రోజే పదిహేను నిమిషాల ఫోను అడుగుతున్నావు. పరిచయం లేని మనిషికి పదిహేను నిమిషాలంటే చాలా పెద్ద ధర. నీ బట్ట మీటరు ధర కన్నా అదే ఎక్కువ.

రెండోది, ఎప్పుడు వెళ్ళాలన్నది. ఊడ్పులప్పుడు రైతు ఇంటికి వెళ్ళి బీమా అంటే ఏం వింటాడు? కాలవ నీళ్ళు చివరి భూములకి అందుతాయో లేదోనని, కూలీలు దొరుకుతారో లేదోనని అతని ప్రాణం అక్కడుంటుంది. సంక్రాంతికి సార్వా ధాన్యం డబ్బు చేతికొచ్చాక, ఆ తరవాత మినుములు అమ్మాక వెళ్తే అదే రైతు అరుగు మీద కుర్చీ వేస్తాడు. చల్లపల్లి, ఘంటసాల, మొవ్వ వైపు లెక్క ఇది. కైకలూరు, ముదినేపల్లి వైపు చెరువులవాళ్ళకి వేరే లెక్క. వాళ్ళు పట్టుబడి పట్టాక కనపడాలి. కోడూరు, నాగాయలంకలో వేటకెళ్ళేవాళ్ళ రోజులు వేరు. వేసవిలో వేట నిషేధం ఉన్న రెండు నెలలూ చేతిలో రూపాయి ఆడదు. ఏ ఊళ్ళో ఎప్పుడు డబ్బు ఆడుతుందో తెలియని ఏజెంటు ఎంత తియ్యగా మాట్లాడినా ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు.

నీ బయ్యర్లకీ ఊడ్పులుంటాయి, నూర్పిళ్ళుంటాయి. క్రిస్మస్‌కి షాపులో పెట్టే సరుకుని యూరప్ దుకాణాలవాళ్ళు డిసెంబర్లో వెతకరు. ఎండాకాలం నాటికే చాలావరకు ఎంచేసుకుంటారు. మన బట్ట ఓడెక్కి చేరడానికే వారాలు పడుతుందాయె. ఆగస్టులో ఫ్రాన్సు, ఇటలీ వాళ్ళు సగం మంది సెలవుల్లో ఉంటారు. అప్పుడు రాసిన ఉత్తరం వాళ్ళు తిరిగొచ్చేసరికి అడుగున పడిపోతుంది. నువ్వు నవంబర్లో కూర్చుని క్రిస్మస్ కలెక్షన్ అని రాశావు చూడు, అది కోతల మధ్యలో విత్తనాలు అమ్మబోయినట్టుంది.

కాలమంటే పండగలూ సెలవులే అనుకోకు. 2025 ఆగస్టు నెలాఖరుకి అమెరికా మన దేశపు సరుకు మీద సుంకం యాభై శాతానికి పెంచింది. రొయ్యల ఎగుమతిలో మన రాష్ట్రమే ముందుంది, ఆ రొయ్యలు ఎక్కువగా కొనేది అమెరికా. కైకలూరు నుంచి దివిసీమ దాకా చెరువు గట్ల మీద అప్పుడు అదే మాట. ఆ రోజుల్లో అమెరికాలో దిగుమతి వ్యాపారం చేసే మనిషికి నీ సందేశం లాంటిది వచ్చిందనుకో. దారిలో ఉన్న సరుకుకి ఎంత కట్టాలో, ఆ భారం ఎవరి మీద వెయ్యాలో తేల్చుకోలేక తల పట్టుకుని కూర్చున్నాడు. అతనికి అందుబాటు ధరలని రాస్తే మనల్ని చూసి నవ్వొస్తుంది, లేకపోతే కోపమొస్తుంది. సుంకం వల్ల చిన్న ఆర్డర్లు ఆపేశారా, శాంపిళ్ళ వరకు చూస్తున్నారా అని ఒక్క ముక్క అడిగి ఉంటే, కనీసం ఈ అమ్మాయికి లోకం తెలుసు అనుకునేవాడు. అతను కొనకపోవచ్చు. పేరు మాత్రం గుర్తుపెట్టుకుంటాడు.

ఇక అవతలి మనిషి గురించి తెలుసుకోవడం. మా రోజుల్లో ఇదే పెద్ద తిప్పలు. ఊరి కరణాన్నో, బడి మాస్టారినో, టీ కొట్టు ఆయననో పట్టుకుని, ఎవరింట్లో ఎంతమంది పిల్లలు, ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరు కొత్తగా ఇల్లు కట్టారు అని కనుక్కుని గాని గడప ఎక్కేవాళ్ళం కాదు. నీకేమో మనుషులే తమ సంగతంతా రాసి పెట్టిన చోటు దొరికింది. 2003లో మొదలైన లింక్‌డిన్‌ని 2016లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. 2023 నాటికి అందులో సభ్యులు వంద కోట్లు దాటారు. ఎవరు ఎక్కడ పనిచేశారు, ఏ పదవిలోకి మారారు, నిన్న దేని గురించి రాశారు, దేన్ని మెచ్చుకున్నారు, అన్నీ కళ్ళముందే ఉన్నాయి. అంత సమాచారం చేతిలో పెట్టుకుని పేరు తప్ప ఇంకేమీ చదవకుండా ఉత్తరం రాస్తే, అది ఓపిక లేకపోవడమే.

ఈ విషయంలో మన బందరు రేవులోనే జరిగిన కథ ఒకటి ఉంది. డచ్చివాళ్ళు 1606 నాటికే ఇక్కడ వ్యాపార స్థావరం పెట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ అనే ఓడ 1611లో వచ్చింది. ఆ ఓడలో వ్యాపారం నడపడానికి ఇంగ్లీషు కంపెనీ పెట్టుకున్నవాళ్ళు ఇద్దరూ, పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథూనిస్, అంతకు ముందు డచ్చివాళ్ళ కొలువులో పనిచేసి ఈ తీరాన్ని ఎరిగినవాళ్ళు. తెలియని ఊరికి తెలిసిన మనిషిని పంపాలన్న ఇంగితం వాళ్ళకుంది. ఫ్లోరిస్ మన దగ్గర కొన్న బట్టలు లండన్ కోసం కాదు. ఇక్కణ్ణించి సయాం, పటానీ రేవులకి పట్టుకెళ్ళి అమ్మడానికి. ఆ రేవుల వాళ్ళకి ఏ రంగు నచ్చుతుంది, ఏ పువ్వు నచ్చుతుంది, కట్టుకునే బట్టకి అంచు ఎలా ఉండాలి అని కనుక్కుని, దాని ప్రకారం ఇక్కడి అద్దకంవాళ్ళ చేత వేయించాలి. అంచున వచ్చే సన్నటి తెల్లగీత ఒక్కటీ మలయావాళ్ళ వాడుకకి తగ్గట్టు లేకపోయేసరికి బట్ట ధర ఎలా పడిపోయిందో ఫ్లోరిస్ తన దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు. బట్ట బాగుంది, రంగు బాగుంది, నేత బాగుంది. వేలెడు వెడల్పు కూడా లేని గీత దగ్గర బేరం దెబ్బతింది.

నాలుగు వందల ఏళ్ళ కిందట మన అద్దకంవాళ్ళకి ఏ రేవులో ఏ గీత కావాలో తెలుసు. పారశీకానికి వెళ్ళే బట్టల మీద వాళ్ళకి నచ్చే తోరణాలు, చెట్లు, తీగలు వేసేవాళ్ళు. ఆ నమూనాల జాడ ఇవాళ్టికీ మీ మావగారి అచ్చుల్లో కనిపిస్తుంది. మన పనికి అంత పేరొచ్చింది కొనేవాడి ఊరు తెలుసుకుని చెయ్యబట్టే. నువ్వు ఆ వారసత్వం గురించి నాలుగు లైన్లు రాశావు గాని, ఆ వారసత్వం చేసిన పని మాత్రం మానేశావు. అందరికీ ఒకటే ఫొటోల కట్ట పంపావు. నెమలి పమిటల చీరలు, గణపతి బొమ్మల వాల్ హ్యాంగింగులు, అన్నీ కలిపి! ఇంటి అలంకరణ సామాను మాత్రమే అమ్మే మనిషికి చీరలెందుకమ్మా?

మరి ఏం రాయాలంటావా? కనెక్షన్ అడిగేటప్పుడు జతచేసే చీటీలో మహా అయితే మూడు వందల అక్షరాలు పడతాయి. ఉచిత ఖాతా అయితే ఇంకా తక్కువే, అవి కూడా నెలకి కొన్నే. అది నీకు మంచిదే, ఎక్కువ వాగడానికి చోటు లేదు. ఇంగ్లీషు నువ్వే సరిచేసుకుంటావు. భావం ఇదిగో: “మీ షాపులో పోయిన నెల పెట్టిన టేబుల్ క్లాత్‌ల ఫొటోలు చూశాను. పూలతీగ నమూనా బాగుంది. మేము పెడనలో చెక్క అచ్చులతో, సహజ రంగులతో అద్దకం చేస్తాం. ఇలాంటి బట్ట ఉతికినప్పుడు రంగు తగ్గడం గురించి మీ కస్టమర్లకి ఏం చెబుతారో తెలుసుకోవాలని ఉంది.” అంతే. ధర లేదు, ఫోను లేదు, కేటలాగు లేదు. అవతలి మనిషి బట్ట చూశానని చెప్పావు, నువ్వెవరో ఒక్క వాక్యంలో చెప్పావు, ఆ వ్యాపారం చేసేవాళ్ళందరికీ రోజూ ఎదురయ్యే చిక్కు గురించి అడిగావు. ఆ ప్రశ్నకి నీకు నిజంగా జవాబు కావాలి కూడా. ఎందుకంటే రేపు నీ బట్ట మీద కట్టే చీటీలో ఉతికే పద్ధతి రాయాల్సింది నువ్వే.

కావలసిన ప్రశ్నే అడుగు. తెలిసిన దాన్ని తెలియనట్టు నటించి అడిగితే రెండో ఉత్తరంలో దొరికిపోతాం. అలాగే పొగడ్త. మీ ప్రొఫైల్ చాలా స్ఫూర్తిదాయకంగా ఉంది అని రాసే బదులు ఊరికే ఉండటం నయం. నీకూ రోజూ అలాంటివి వస్తూనే ఉంటాయి కదా, ఏం చేస్తావు వాటిని?

పెళ్ళిపిలుపులప్పుడు మీ పెద్దమ్మ ప్రతి ఇంటికీ వెళ్ళి, ఆ ఇంటి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, పేరుపేరునా పిలిచేది. శుభలేఖ అందరికీ ఒక్కటే అచ్చు. పిలిచినట్టు లెక్క మాత్రం బొట్టుకే. నీ ఉత్తరంలో ఆ బొట్టు మొదటి వాక్యంలో పడాలి.

ఇప్పుడు నిజం చెప్పే సంగతి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు పెట్టుకుని స్క్రీన్ ప్రింటు బట్టని, రసాయన రంగుల బట్టని అమ్మేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకన్నా నీకే తెలుసు. ఆ బట్ట అమ్మడం నేరమేం కాదు. స్క్రీన్ ప్రింటు అని చెప్పి అమ్ముకోవచ్చు. చెప్పకుండా అమ్మితేనే ఊరి పేరుకి ముప్పు. విదేశంలో ఉన్న బయ్యరు ఒకసారి మోసపోతే మీ మావగారి పేరు మర్చిపోతాడు గాని పెడన పేరు మర్చిపోడు. నీ తరవాత రాసే మరో పెడన అమ్మాయికి అతను జవాబివ్వడు.

నీ దగ్గర చెప్పుకోవడానికి అబద్ధం అవసరం లేనంత సరుకుంది. గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టడం, తుప్పు ఇనుము బెల్లంలో నానేసి నలుపు తీయడం, పటిక అచ్చు వేసి వేరు రంగులో ఉడకబెడితే ఎరుపు తేలడం, దానిమ్మ తొక్కతో పసుపు, కాలవ నీళ్ళలో ఉతుకు, ఎండ. ఇవి నువ్వు రోజూ చూసే పనులు. అవతలివాడికి ఇవి అబ్బురం. ఫ్యాక్టరీ గోడ ముందు నిలబడి నవ్వుతూ దిగిన ఫొటో బదులు, ఉడికే బాన ఫొటో ఒకటి పెట్టు. రెండు అచ్చులు కలిసేచోట వెంట్రుకవాసి తేడా వస్తుంది చూడు, దాన్ని దాచకు. అది చేత్తో చేసిందనడానికి రుజువు. వానలు పడితే మనకి రంగు ఆరదని, జులై నుంచి పని నెమ్మదిస్తుందని ముందే చెప్పు. నెలలో ఇస్తామని మాటిచ్చి మూడు నెలలు చెయ్యడం కన్నా, మూడు నెలలని చెప్పి రెండున్నరలో పంపడం మంచిది. ఇదంతా మొదటి చీటీలో కుక్కమని కాదు. నీ ప్రొఫైల్ పేజీలో ఉండాలి. నువ్వు చీటీ పంపగానే అవతలి మనిషి చేసే మొదటి పని నీ పేజీ తెరిచి చూడటం. ప్రస్తుతం అక్కడ నీ బీటెక్ మార్కులు, ఇన్ఫోటెక్ ట్రైనింగ్ సర్టిఫికెట్టు ఉన్నాయి. కలంకారీ ఊసే లేదు.

భయపెట్టి అమ్మడం గురించి కూడా చెప్పాలి. ఈ మధ్య కొందరు నేర్పుతున్నారట, అవతలి మనిషికి నొప్పెక్కడుందో పట్టుకుని దాని మీద నొక్కాలని. మీ పోటీదారులు అప్పుడే ముందుకెళ్ళిపోయారు, ఈ వారంలో ఆర్డరు పెట్టకపోతే నష్టపోతారు, ఇలాంటివి. దివిసీమలో తిరిగే మా ఏజెంట్లకి నేనొక కట్టడి పెట్టాను. అవనిగడ్డ దాటాక ఉప్పెన మాట మన నోట రాకూడదు అని. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన అక్కడ ఇంటింటా ఎవరో ఒకరిని తీసుకుపోయింది. వేల మంది పోయారు. ఆ గడపల్లో కూర్చుని రేపు మళ్ళీ ఉప్పెనొస్తే మీ పిల్లల గతేమిటి అని అడిగి పాలసీ రాయించడం ఎంత సులువో నాకు తెలుసు. చేసినవాళ్ళు లేకపోలేదు. నాకది అమ్మకంలా అనిపించలేదు. పైగా ఏడాది తిరగ్గానే ఆ పాలసీలు లాప్స్ అయ్యేవి. భయం దిగగానే డబ్బు కట్టడమూ ఆగేది. పిల్ల చదువుకి ఎంత కావాలో కలిసి కూర్చుని లెక్క వేసి రాయించిన పాలసీలు మెచ్యూరిటీ దాకా నడిచేవి.

యంత్రాల సంగతి. రోజుకి వందమందికి నీ పేరు మీద తనే రిక్వెస్టులు పంపి, తనే మళ్ళీ గుర్తుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొందామని మీ ఆయన అంటున్నాడటగా. వద్దని చెప్పు. లింక్‌డిన్ నియమాల్లోనే అలాంటి వాటికి అనుమతి లేదు. ఈ మనిషెవరో నాకు తెలియదని నలుగురు నొక్కితే ఖాతాకి కళ్ళెం వేస్తారు. కూడబెట్టుకున్న పరిచయాలన్నీ ఒక్కపూటలో పోతాయి. నియమం సంగతి అలా ఉంచు. వందమందికి రాసేది యంత్రమైతే, పొరపాటున ఇద్దరు జవాబిచ్చినప్పుడు వాళ్ళెవరో, వాళ్ళకేం చెప్పామో నీకు గుర్తుండదు. అద్దకం బట్టలో నాలుగు రంగులకి నాలుగు రోజులు ఓపిక పడతారు మీ ఇంట్లో. ఉత్తరానికి పావుగంట ఓపిక పట్టలేరా? రోజుకి ముగ్గురు చాలు. వాళ్ళ పేజీ పూర్తిగా చదివి, వాళ్ళ షాపు వెబ్‌సైటు చూసి, అప్పుడు రాయి.

జవాబు రాకపోతే ఒక వారం పదిరోజులు ఆగి, కొత్త సంగతి ఏదైనా ఉంటే ఇంకొక్కసారి రాయి. కొత్త సంగతి అంటే, కొత్త అచ్చు చెక్కించాం, చూడండి, అని ఒక ఫొటో. నా ముందు ఉత్తరం చూశారా అనేది సంగతి కాదు, దబాయింపు. రెండోదానికీ పలక్కపోతే వదిలెయ్. మౌనం కూడా జవాబే, అందులో అవమానం వెతుక్కోకు. వద్దు అని సూటిగా రాసినవాళ్ళకి ధన్యవాదాలు చెప్పి పేరు పక్కన రాసుకో, మళ్ళీ అడక్కు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా చట్టం ప్రకారం, నాకు అమ్మకాల సందేశాలు పంపొద్దు అని ఎవరైనా అంటే ఆపి తీరాలి. చట్టం సంగతి అటుంచి, మర్యాదగా వద్దన్న మనిషే రెండేళ్ళ తరవాత తన స్నేహితులకి మన పేరు చెప్పడం నేను బీమాలో బోలెడుసార్లు చూశాను. తను పాలసీ తీసుకోడు, బావమరిదిని మాత్రం పంపిస్తాడు!

ఆడపిల్లవి కాబట్టి ఇంకో మాట. వ్యాపారం గురించి రాస్తే ఫొటో బాగుంది అని జవాబిచ్చేవాళ్ళు తగులుతారు. అలాంటివాళ్ళకి వివరణ ఇచ్చుకోవద్దు, బ్లాక్ చేసి ముందుకెళ్ళు. ఆర్డరు పోతుందేమోనని సర్దుకుపోకు. సొంత ఫోను నంబరు మొదట్లోనే ఇవ్వకు, వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకో. వీడియో కాల్‌లో మాట్లాడాల్సి వస్తే షెడ్డులో, అద్దకం బల్లల దగ్గర కూర్చుని మాట్లాడు. పని కనిపిస్తుంది, మనుషులూ చుట్టూ ఉంటారు. ముందు డబ్బు కట్టండి, పెద్ద ఆర్డరు ఇస్తాం అంటూ దానంతటదే నీ ఇన్‌బాక్సులోకి వచ్చే బేరాల దగ్గర కూడా జాగ్రత్త. శాంపిళ్ళు ఊరికే పంపమనేవాళ్ళు కొందరుంటారు. కొరియరు ఖర్చైనా వాళ్ళనే పెట్టుకోమను. ఆ ఒక్క మాటతో సగం మంది మాయమవుతారు.

మన కృష్ణా జిల్లా వాళ్ళు డల్లాస్‌లో, న్యూజెర్సీలో వీధికొకరున్నారు కదా, వాళ్ళని పట్టుకుంటే పోలేదా అని మీ నాన్న అంటున్నాడు. పట్టుకో, తప్పులేదు. అయితే వాళ్ళ చేత చీరలు కొనిపించడానికి కాదు. నీ జాబితాలో ఉన్న బయ్యరు పేరు చూపించి, ఈయన మీకు తెలిసినవాళ్ళ ద్వారా ఎవరికైనా తెలుసా, ఒక్క మాట చెప్పగలరా అని అడుగు. పరిచయం చేసే మనిషికి శ్రమ లేకుండా, ఆయన అలాగే పంపడానికి వీలుగా రెండు వాక్యాలు నువ్వే రాసివ్వు. గుడివాడ నుంచి వెళ్ళిన మా శిష్యుడి కొడుకు ఒకడున్నాడు, మంచివాడు, ఇలాంటి సాయం చేస్తాడు. వాడి నంబరిస్తాను. కాకపోతే మనవాడే కదా అని వారానికోసారి విసిగించకు. సంవత్సరానికి ఒకటి రెండు పరిచయాలకి మించి ఎవరినీ అడగకూడదు.

ఇక చెయ్యాల్సింది. ఆ పాత సందేశం ఫైలు తీసేయ్. జవాబు రాకుండా మిగిలిపోయిన కనెక్షన్ రిక్వెస్టులన్నీ వెనక్కి తీసుకో, ఆ వీలు ఉందట. ముందు ప్రొఫైల్ పేజీ సరిచెయ్, దానికి ఈ వారం పట్టినా పరవాలేదు. తరవాత ఇంటి అలంకరణ బట్టలు అమ్మేవాళ్ళలోనే ఒక ఇరవైమందిని ఎంచుకో, చీరల సంగతి తరవాత చూద్దాం. మొదటి మూడు చీటీలు పంపే ముందు నాకు చదివి వినిపించు. ఇంగ్లీషులోనే చదువు, నాకు అర్థమవుతుంది. ఆదివారం బందరు రైల్లో పెడన దిగుతాను, మీ మావగారితో అచ్చుల సంగతి కూడా మాట్లాడాలి.

ప్రేమతో,
పెదనాన్న
గుడివాడ